రాష్ట్ర హక్కులు – కేంద్ర అధికారం: మన జిల్లా చరిత్ర చెప్పే పాఠం



"రాష్ట్రానికి అన్యాయం జరిగింది", "కేంద్రం మన హక్కులు కాజేసింది" అనే మాటలు మనం చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాము. టీ అంగడి దగ్గర వింటాము, ఎన్నికల మీటింగుల్లో వింటాము. అయితే రాష్ట్రానికి అసలు ఏయే హక్కులున్నాయి, అవి ఎవరిచ్చినవి, ఎవరు తీసుకోగలరు అని అడిగితే జవాబు చెప్పేవారు తక్కువ. మన సముదాయంలో మరీ తక్కువ. "అదంతా పెద్దవాళ్ల రాజకీయం, మనకెందుకులే" అని ఊరుకుంటాము. కాని మన పిల్లల బడికి, మన భాషకు, మన ఉద్యోగాలకు ఆ రాజకీయంతో ముడి ఉన్నది. ఆ ముడి ఎక్కడ పడిందో చిత్తూరు, తిరుపతి ప్రాంతాల చరిత్ర నుంచే చూపించాలని మా ప్రయత్నం.

ఆర్కాటు నవాబు కథ

సార్వభౌమాధికారం అనేది బరువైన మాట. తనపైన మరొక అధికారి లేకుండా ఏలుకోవడమని దాని అర్థం. ఆ మాట ఎంత పెళుసైనదో మన ప్రాంతంలో 18వ శతాబ్దంలోనే తేలిపోయింది. అప్పట్లో చిత్తూరు, చంద్రగిరి, తిరుపతి ఆర్కాటు నవాబు ఏలుబడిలో ఉండేవి. నవాబు పైన దక్కను సుబేదారైన నిజాం, నిజాం పైన ఢిల్లీ పాదుషా. ఇలా మూడంతస్తుల అధికారం. కాగితం మీద అంతా సక్రమమే. కాని 1740లో మరాఠాలు దండెత్తి వచ్చినప్పుడు, పాకాల దగ్గరి దామలచెరువు కనుమలో నవాబు దోస్త్ అలీ ఖాన్ పోరాడి ప్రాణాలు విడిచాడు. పైనున్న రెండంతస్తులూ ఆనాడు ఆయనను కాపాడలేకపోయాయి.

తరువాత నవాబైన మహమ్మదలీ వాలాజాకు 1765లో పాదుషా షా ఆలం ఫర్మానా ఇచ్చాడు. ఇక నిజాంకు లోబడి ఉండనక్కరలేదని దాని సారాంశం. అంటే నవాబు కోరుకున్న స్వతంత్రం కాగితం మీద వచ్చేసింది. కాని అప్పటికే ఖజానా తాళంచెవి చేతులు మారుతున్నది. యుద్ధాల ఖర్చుకని ఈస్టిండియా కంపెనీ దగ్గర, విడిగా కంపెనీ దొరల దగ్గర నవాబు అప్పుల మీద అప్పులు చేశాడు. వాటికి హామీగా సీమల శిస్తు రాసిచ్చాడు. తిరుమల ఆలయం మీద వచ్చే రాబడి కూడా ఆ లెక్కల్లోకే పోయింది. ఈ అప్పుల వ్యవహారం మీద 1785లో ఇంగ్లండు పార్లమెంటులో ఎడ్మండ్ బర్క్ పెద్ద ప్రసంగమే చేశాడు. చివరకు 1801 జులై 31న నవాబు అజీముద్దౌలా ఒప్పందం మీద సంతకం చేశాడు. పరిపాలన మొత్తం కంపెనీ పరమైంది. నవాబుకు మిగిలినవి బిరుదు, నికర రాబడిలో ఐదో వంతు. మదనపల్లె, వాయల్పాడు వైపు సీమ అంతకు ముందు సంవత్సరమే నిజాం కంపెనీకి ఇచ్చిన దత్త మండలాలతో పాటు పోయింది.

దీనిని బట్టి మనకు తెలిసేది ఏమిటి? ఫర్మానా ఉన్నా ఖజానా లేకపోతే ఏలుబడి నిలవదు. ఈ మాట నేటి రాష్ట్రాలకు కూడా వర్తిస్తుంది గనుకనే ఇంత పాత కథ ఎత్తుకున్నాము.

రాజ్యాంగం ఏమన్నది

అమెరికాలో 13 వలసలు ముందు తమంతట తాము రాష్ట్రాలై, తరువాత కలిసి ఒక దేశమయ్యాయి. మన దేశం అలా ఏర్పడలేదు. మన రాజ్యాంగం మొదటి అధికరణంలోనే భారతదేశం రాష్ట్రాల యూనియన్ అని ఉన్నది. యూనియన్ అనే మాట ఎందుకు వాడారో డాక్టర్ అంబేద్కర్ 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో వివరించారు. ఈ సమాఖ్య రాష్ట్రాల మధ్య ఒప్పందం వల్ల పుట్టినది కాదు, కనుక విడిపోయే హక్కు ఏ రాష్ట్రానికీ లేదు అని వారి భావం.

అలాగని రాష్ట్రాలు కేంద్రానికి గుమాస్తాలు కావు. అధికారాలను మూడు జాబితాలుగా పంచారు. మొదట్లో కేంద్ర జాబితాలో 97, రాష్ట్ర జాబితాలో 66, ఉమ్మడి జాబితాలో 47 అంశాలు ఉండేవి. పోలీసు, భూమి, వైద్యం, పంచాయతీలు రాష్ట్రానివి. ఉమ్మడి అంశాల మీద ఇద్దరూ చట్టం చేయవచ్చు గాని, పేచీ వస్తే సాధారణంగా కేంద్రం మాటే నెగ్గుతుంది.

రాష్ట్రాలకు సార్వభౌమాధికారం ఉన్నదా లేదా అనే ప్రశ్న 1962లో సుప్రీంకోర్టు ముందుకు నేరుగా వచ్చింది. బొగ్గు భూములను కేంద్రం తీసుకోవడానికి వీలిచ్చే 1957 నాటి చట్టంపై పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం దావా వేసింది. రాష్ట్రాలు సార్వభౌమ సంస్థలు కావని, రాష్ట్ర ఆస్తిని కూడా కేంద్రం సేకరించవచ్చునని మెజారిటీ తీర్పు వచ్చింది. ఒక్కరు మాత్రం ఒప్పుకోలేదు. ఆయన మన తెలుగువారైన జస్టిస్ కోకా సుబ్బారావు గారు. తమకిచ్చిన పరిధిలో రాష్ట్రాలు కూడా కేంద్రం వలెనే సర్వాధికారం గలవని ఆయన భిన్నమైన తీర్పు రాశారు. 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు మొదటి చాన్సలరు వీరే. ఆయన మాట ఆనాడు ఓడిపోయినా, పరిధి అనే భావాన్ని మనం మరచిపోరాదు. సార్వభౌమాధికారం లేకపోవచ్చు, పరిధి మాత్రం ఉన్నది. కేంద్ర రాష్ట్రాల తగాదాలన్నీ ఆ గట్టు దగ్గర వచ్చినవే.

సరిహద్దు ఎవరి చేతిలో

జిల్లాను చీల్చే అధికారం రాష్ట్రానిది. 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లా నుంచి 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లాను వేరు చేసింది రాష్ట్ర ప్రభుత్వమే. కాని రాష్ట్రాన్ని చీల్చే అధికారం, దాని హద్దు మార్చే అధికారం 3వ అధికరణం కింద పార్లమెంటుది. రాష్ట్ర శాసనసభ అభిప్రాయం అడుగుతారు. ఆ అభిప్రాయానికి కట్టుబడాలని మాత్రం లేదు.

మన పెద్దవాళ్లకు తిరుత్తణి సంగతి తెలుసు. తిరుత్తణి చిత్తూరు జిల్లాలోనే ఉండేది. మద్రాసు రాష్ట్రంతో సరిహద్దు తగాదా వచ్చినప్పుడు రెండు ప్రభుత్వాలూ పటాస్కర్ మధ్యవర్తిత్వానికి ఒప్పుకున్నాయి. పార్లమెంటు 1959లో చట్టం చేసింది. 1960 ఏప్రిల్ 1 నుంచి తిరుత్తణి అటు పోయింది, సత్యవేడు వైపు గ్రామాలు ఇటు వచ్చాయి. బాధపడినవారు రెండు పక్కలా ఉన్నారు. అయినా ముందు కూర్చుని మాట్లాడుకున్నారు గనుక ఆ హద్దు నిలిచింది.

2014లో అలా జరగలేదు. రాష్ట్ర విభజన బిల్లును ఆంధ్రప్రదేశ్ శాసనసభ జనవరి 30న మూజువాణి ఓటుతో తిరస్కరించింది. అప్పటి ముఖ్యమంత్రి నల్లారి కిరణ్ కుమార్ రెడ్డి గారు మన పీలేరు శాసనసభ్యులే. లోక్‌సభ ఫిబ్రవరి 18న, రాజ్యసభ 20న బిల్లును ఆమోదించాయి. జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. శాసనసభ కాదన్న దానిని పార్లమెంటు ఔనన్నది. చట్టప్రకారం అందులో తప్పు లేదు గాని, మన ప్రాంతం వారి మనసుకు గాయమైంది.

న్యాయంగా ఆలోచిస్తే ఇంకో మాట కూడా చెప్పాలి. పొట్టి శ్రీరాములు గారి ఆత్మబలిదానం తరువాత 1953 అక్టోబరు 1న మన ఆంధ్ర రాష్ట్రం పుట్టింది కూడా ఇదే 3వ అధికరణం కింద చేసిన చట్టంతోనే. తెలంగాణ సోదరులకు 2014 ఎలాంటిదో మనకు 1953 అలాంటిది. కేంద్రం చేతిలోని అధికారం ఒకనాడు మనకు అన్నం పెట్టింది, ఇంకొకనాడు చేదు మింగించింది. కనుక కేంద్రమంటే శత్రువనీ, రాష్ట్రమంటే దేవదూత అనీ మేము చెప్పబోము.

1984 నాటి ముప్పై రోజులు

కేంద్ర రాష్ట్ర తగాదాలలో తెలుగువారు తలచుకోవలసిన ఘట్టం 1984 నాటిది. దానికి పూర్వరంగం ఉన్నది. 1978 ఎన్నికల తరువాత ఐదేళ్లలోపల మన రాష్ట్రానికి చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామిరెడ్డి, కోట్ల విజయభాస్కరరెడ్డి గార్లు నలుగురు ముఖ్యమంత్రులయ్యారు. ఎవరు రావాలి, ఎవరు పోవాలి అనేది ఢిల్లీలోనే తేలేది. జనానికి ఇది అవమానమనిపించింది. 1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీని స్థాపించిన ఎన్.టి. రామారావు గారు ఆత్మగౌరవం అన్న మాటతో 1983 జనవరిలో 294 స్థానాల్లో 200కు పైగా గెలిచారు. గుడివాడతో పాటు మన తిరుపతిలోనూ వారే గెలిచారు.

1984 ఆగస్టులో రామారావు గారు అమెరికాలో గుండె ఆపరేషను చేయించుకుని తిరిగి వచ్చారు. ఆగస్టు 16న గవర్నరు రాంలాల్ గారు ఆయనను పదవి నుంచి తొలగించి, నాదెండ్ల భాస్కరరావు గారిని ముఖ్యమంత్రిని చేశారు. మెజారిటీ ఎవరిదో శాసనసభలో లెక్క చూడలేదు. అప్పుడు రామారావు గారు 160 మందికి పైగా శాసనసభ్యులను వెంటబెట్టుకుని ఢిల్లీకి పోయి, రాష్ట్రపతి జ్ఞానీ జైల్‌సింగ్ గారి ముందు తలలు లెక్కపెట్టించారు. తరువాత ఆ సభ్యులను కర్ణాటకలోని నంది కొండలకు చేర్చి కాపాడుకున్నారు. ఊరూరా బందులు, ఊరేగింపులు జరిగాయి. కేంద్రం గవర్నరును మార్చవలసి వచ్చింది. శంకర్ దయాళ్ శర్మ గారు వచ్చారు. సెప్టెంబరు 16న రామారావు గారు మళ్లీ ప్రమాణ స్వీకారం చేశారు. ఆ డిసెంబరులో దేశమంతా కాంగ్రెసు గాలి వీచినా, ఇక్కడ 42 లోక్‌సభ స్థానాల్లో 30 తెలుగుదేశానికి వచ్చాయి.

ఆ గలాటా రోజుల్లోనే హైదరాబాదు పాతబస్తీలో మతకల్లోలాలు చెలరేగి కర్ఫ్యూ పెట్టవలసి వచ్చిందని మన సముదాయం మరచిపోరాదు. ప్రభుత్వం నిలకడ తప్పితే ముందు ఆరిపోయేది బీదవాడి పొయ్యే. అది ఏ మతం వాడిదైనా సరే. రాష్ట్ర ప్రభుత్వం స్థిరంగా ఉండటం కేవలం పార్టీవాళ్ల అవసరం కాదు, మన అవసరం కూడా.

గవర్నరు, శాసనసభ

1984 ఒక్కటే కాదు. 1959లో కేరళలో నంబూద్రిపాద్ గారి ప్రభుత్వాన్ని 356వ అధికరణం కింద తొలగించారు. 1977లో జనతా ప్రభుత్వం తొమ్మిది రాష్ట్రాల ప్రభుత్వాలను తొలగించింది. 1980లో కాంగ్రెసు ప్రభుత్వం కూడా తొమ్మిదింటిని తొలగించి బదులు తీర్చుకుంది. పార్టీ ఏదైనా ఢిల్లీ కుర్చీలో కూర్చున్నవారికి ఈ అధికారం తీపిగానే ఉంటుందని తెలుస్తున్నది గదా.

దీనికి విరుగుడు ఆలోచించినవారిలో తెలుగువారూ ఉన్నారు. తమిళనాడు ప్రభుత్వం 1969లో వేసిన కమిటీకి అధ్యక్షులు మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన పి.వి. రాజమన్నార్ గారు. వారి ఇంటిపేరు పాకాల. 1971లో ఇచ్చిన నివేదికలో ఆ కమిటీ 356వ అధికరణాన్నే తీసివేయమన్నది. 1983లో కేంద్రం వేసిన సర్కారియా కమిషన్ అంత దూరం పోలేదు. గవర్నరు స్థానిక రాజకీయాలకు దూరంగా ఉన్న వ్యక్తి కావాలని, మెజారిటీ ఎవరిదో శాసనసభలోనే తేలాలని చెప్పింది. ఆ మాటకు 1994 మార్చి 11న బొమ్మై కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల తీర్పుతో బలం వచ్చింది. అందులో ఒకరు తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి గారు. ఆ తరువాత రాష్ట్ర ప్రభుత్వాలను ఇష్టం వచ్చినట్లు రద్దు చేయడం బాగా తగ్గింది. 1984లో జనం వీధుల్లో అడిగినదే పదేళ్లకు తీర్పుగా వచ్చింది.

ఖజానా సంగతి

నవాబు కథలో చూసిన ఖజానా మాటకు మళ్లీ వద్దాము. రాష్ట్రాలకు సొంత రాబడిలో పెద్దది అమ్మకం పన్ను. 2017 జులై నుంచి దానిలో అధిక భాగం జీఎస్టీలో కలిసిపోయింది. పెట్రోలు, సారాయి వంటివి మిగిలాయి. జీఎస్టీ రేట్లు ఇప్పుడు కౌన్సిలులో అందరూ కలిసి తేల్చాలి. కేంద్రం వసూలు చేసే పన్నుల్లో రాష్ట్రాల వాటాను ఆర్థిక సంఘం చెబుతుంది. రాయలసీమ బిడ్డ అయిన వై.వి. రెడ్డి గారి అధ్యక్షతన 14వ ఆర్థిక సంఘం ఆ వాటాను 32 నుంచి 42 శాతానికి పెంచింది. అయితే సెస్సు, సర్‌ఛార్జి పేరుతో వసూలైన సొమ్ములో రాష్ట్రాలకు వాటా లేదు. ఆ పద్దు పెరిగే కొద్దీ పంచే కుప్ప చిన్నదవుతుంది.

విభజన నాటి హామీలను కూడా ఇలాగే చూడాలి. కేంద్ర విద్యాసంస్థలు చట్టంలో రాసి ఉన్నాయి. ఏర్పేడు దగ్గర ఐఐటీ, ఐసర్ వచ్చాయి. ప్రత్యేక హోదా 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో ప్రధాని నోటిమాటగా చెప్పినది, చట్టంలో లేనిది. అది రాలేదు. కాగితం ఉంటేనే చాలదని నవాబు కథ చెబితే, కాగితం లేకపోతే అసలే లేదని ఈ కథ చెబుతున్నది.

మన గడపకు సంబంధించినది

ఇప్పుడు మన సంగతి. విద్య 1976 దాకా రాష్ట్ర జాబితాలో ఉండేది. 42వ సవరణతో ఉమ్మడి జాబితాలోకి పోయింది. అయినా ఉర్దూ మీడియం బడి పెట్టడం, పంతులును వేయడం, పుస్తకం అచ్చువేయడం నేటికీ రాష్ట్రం పనే. మాతృభాషలో ప్రాథమిక విద్యకు వసతి కల్పించమని రాష్ట్రాలకు చెప్పే 350-ఏ అధికరణం రాజ్యాంగంలో ఉన్నది. 2022 మార్చిలో ఉర్దూను రాష్ట్రమంతటికీ రెండవ అధికార భాషగా చేసింది ఆంధ్రప్రదేశ్ శాసనసభ. ఉర్దూ విశ్వవిద్యాలయాలు చూడండి. హైదరాబాదులోని మౌలానా ఆజాద్ విశ్వవిద్యాలయం పార్లమెంటు చట్టంతో వచ్చినది. కర్నూలులోని డాక్టర్ అబ్దుల్ హక్ విశ్వవిద్యాలయం రాష్ట్ర చట్టంతో వచ్చినది. వక్ఫ్ విషయంలో చట్టం చేసేది పార్లమెంటు, బోర్డును ఏర్పాటు చేసేది రాష్ట్రం. ఏ పనికి ఏ గడప తొక్కాలో తెలియకపోతే మన అర్జీలు దారిలోనే ఆగిపోతాయి.

అన్నింటికన్నా ముఖ్యమైన ఉదాహరణ బీసీ-ఇ. 2007లో రాష్ట్ర శాసనసభ చేసిన చట్టం ముస్లింలలో సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన 14 వర్గాలకు 4 శాతం రిజర్వేషను ఇచ్చింది. 2010 మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అది కొనసాగింది. మన ఇళ్లలో దాని వల్ల ఇంజనీరు, నర్సు, టీచరు అయిన పిల్లలున్నారు. ఇది ఎంత సన్నని దారం మీద ఉన్నదో 2021లో తెలిసింది. ఆ సంవత్సరం మే 5న మరాఠా రిజర్వేషన్ల తీర్పులో సుప్రీంకోర్టు, 2018 నాటి 102వ సవరణ తరువాత వెనుకబడిన తరగతులను గుర్తించే అధికారం రాష్ట్రాలకు లేదని అర్థం చెప్పింది. ఆ అర్థమే నిలిచి ఉంటే ఏ రాష్ట్రమూ తన జాబితాలో ఒక్క కొత్త పేరు చేర్చలేకపోయేది. ఆగస్టులో పార్లమెంటు 105వ సవరణతో ఆ అధికారాన్ని రాష్ట్రాలకు తిరిగి ఇచ్చింది. రెండు సభల్లోనూ ఒక్క వ్యతిరేక ఓటు పడలేదు. మూడు నెలలు మన పిల్లల భవిష్యత్తు ఆ గట్టు మీద నిలబడింది. మనలో ఎంతమందిమి ఆ వార్త చదివాము?

రాష్ట్రాధికారం ఎక్కువైతే మనకు ఎప్పుడూ మేలే అని కూడా అనుకోరాదు. ఏ రాష్ట్రమైనా అల్పసంఖ్యాకులను చిన్నచూపు చూస్తే అడ్డుపడేవి రాజ్యాంగమిచ్చిన ప్రాథమిక హక్కులే. మన విద్యాసంస్థలను మనం స్థాపించి నడుపుకునే 30వ అధికరణం అటువంటిది. కాబట్టి మనకు కావలసింది బలమైన రాష్ట్రం, న్యాయమైన కేంద్రం, ఆ రెండింటినీ గట్టు దాటనివ్వని కోర్టు. ఇవి మూడూ ఉన్నా, అడిగే జనం లేకపోతే పనిచేయవని 1984 చెప్పింది.

మా మనవి ఒక్కటే. ఇంట్లో చదువుకున్న పిల్లవాడి చేతనో, ఆడబిడ్డ చేతనో రాజ్యాంగంలోని మూడు జాబితాలు ఒకసారి చదివించుకుని వినండి. అర్జీ రాసేముందు అది రాష్ట్రానిదా, కేంద్రానిదా అని చూసుకోండి. ఓటు అడిగేవారిని "మా ఉర్దూ బడికి పంతులు ఎప్పుడు?" అని అడిగినట్లే, "రాష్ట్రం హక్కు పోతుంటే సభలో మీరేం మాట్లాడారు?" అని కూడా అడగండి. నవాబు పోగొట్టుకున్నది తన గద్దె. మనం ఏమరుపాటున ఉంటే పోయేది మన పిల్లల చదువు. అల్లా మనకు వివేకాన్ని, ఐకమత్యాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.